మీ మంచికే ఇంట్లో ఉండమన్నారు

ప్రశ్న

కావలి సమీపంలోని ఒక గ్రామం నుంచి ఒక సోదరి 2021 సెప్టెంబరులో రాసిన ఏడు పేజీల ఉత్తరానికి ఇది సారాంశం. సమాధానంలోని చట్టాలు, పథకాలు, గడువులు అప్పటివి. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాం.

ఆమె వయసు 35 ఏళ్లు. రెండో ఏట పోలియో సోకి ఎడమ కాలు చచ్చుబడింది. సదరం ధ్రువపత్రంలో 60 శాతం వైకల్యం నమోదైంది. కాలికి ఊతమిచ్చే క్యాలిపర్ తొడుక్కుని, చేతికర్ర సాయంతో నడుస్తారు. బీకాం చదివి, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నేర్చుకుని, 2013 జూన్‌లో జాతీయ రహదారి పక్కనున్న ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో లెక్కల విభాగంలో చేరారు. సంస్థ బస్సు ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఆగేది. ఏడేళ్ల తర్వాత ఆమె జీతం 11,500 రూపాయలు, అందులో మూలవేతనం 8,000. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రెండూ ఉండేవి. ఇంటి ఖర్చుకు నెలనెలా 4,000 ఇచ్చేవారు, తల్లి మందులు తానే కొనేవారు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యింది. ఏప్రిల్‌లో ఆక్వా రంగానికి సడలింపు రాగానే కర్మాగారం తెరిచారు కానీ, బస్సులో సగం మందినే ఎక్కించుకోవాలన్న నిబంధన వల్ల ఎవరిని పిలవాలో జాబితా వేశారు. అందులో ఆమె పేరు లేదు. ఫోన్ చేసి అడిగితే మేనేజరు, "నీకేమైనా అయితే మీ అన్నయ్యకు మేమేం సమాధానం చెప్పుకోవాలమ్మా? నీ మంచికే చెబుతున్నాం, ఇంట్లో ఉండు" అన్నారు. ఏప్రిల్, మే నెలలకు సగం జీతం వేశారు. జూన్ నుంచి అదీ లేదు. ఆగస్టులో ఇంటికి ఒక కాగితం పంపి, పరిస్థితులు చక్కబడగానే మళ్లీ పిలుస్తామని చెప్పి సంతకం చేయించుకున్నారు. "వ్యక్తిగత ఆరోగ్య కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని అందులో ఉంది. ఆమె చదివే సంతకం చేశారు. 2021 జనవరిలో ఆమె స్థానంలో మరొక యువకుడిని తీసుకున్నారని తోటి ఉద్యోగిని ద్వారా తెలిసింది. అదే నెలలో ఆమెకు 3,000 రూపాయల వికలాంగుల పింఛను మంజూరైంది.

ఇప్పుడు, 2021 సెప్టెంబరులో, మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. పని అదే, కుర్చీ కూడా దాదాపు అదే, జీతం 8,500. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. పైగా "నాకు కరోనా సోకినా, మరే ప్రమాదం జరిగినా సంస్థకు బాధ్యత లేదు, సంస్థ నుంచి నాకు రావలసిన పాత బాకీలేమీ లేవు" అని రాసివ్వాలి. అన్నయ్య వద్దంటున్నారు. ఉద్యోగంలో చేరితే పింఛను పోతుందని, ఇంట్లో ఎవరూ ఆమెను బరువుగా చూడటం లేదని ఆయన మాట. స్నేహితురాలు కేసు వేయమంటోంది. మేనమామ అప్పు ఇప్పిస్తాను, బడి ఎదుట జిరాక్స్ దుకాణం పెట్టుకోమంటున్నారు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "నన్ను ఎవరూ తిట్టలేదు. ఎవరూ అవమానించలేదు. అందరూ నా మంచే కోరారు. అయినా నా ఉద్యోగం పోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు. నేను ఏం చేయాలి?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ చివరి మాటల దగ్గర మూడుసార్లూ ఆగిపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడం మీ మనసులోని గందరగోళం కాదు, మీకు జరిగిన దానిలోనే అది ఉంది. మీ ఉద్యోగాన్ని తీసేసినవారు తీసేస్తున్నామని చెప్పలేదు, కాపాడుతున్నామని చెప్పారు. అందుకే ముందుగా ఆ రెండింటినీ వేరుచేసి చూద్దాం.

భయం నిజమైనదే. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది. ఆ రోజుల్లో ఎవరికి ఎంత ప్రమాదమో వైద్యులకే పూర్తిగా అంతుచిక్కలేదు. మిమ్మల్ని కొన్నాళ్లు ఇంట్లో ఉండమనడంలో తప్పు పట్టలేం. అయితే అదే మార్చి నెలలో కేంద్ర ప్రభుత్వం దివ్యాంగుల రక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది, తన దివ్యాంగ ఉద్యోగులకు అత్యవసర విధుల నుంచి మినహాయింపునిచ్చింది. వారు ఇంట్లో ఉన్నారు, జీతం అందింది, ఉద్యోగం నిలిచింది. మీరూ ఇంట్లోనే ఉన్నారు. జాగ్రత్త ఒక్కటే, దాని ఖర్చును ఎవరు భరించారన్నదే తేడా. అక్కడ యజమాని భరించాడు, ఇక్కడ ఏడేళ్ల సర్వీసుతో సహా మీరు భరించారు. పైగా ఆ జాబితా వేసినప్పుడు గానీ, ఆ కాగితం పంపినప్పుడు గానీ మీరేమంటారని ఒక్కరూ అడగలేదు. మీ కోపానికి చిరునామా కావాలంటే, మనిషి పేరు కన్నా ఈ అడగకపోవడమే సరైన చిరునామా అని నాకనిపిస్తుంది. ఇంట్లోనూ ఇప్పుడు అదే జరుగుతోందేమో చూసుకోండి.

ఈ ఏడాదిన్నరలో ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. ఒంగోలులో బట్టల దుకాణంలో పనిచేసే ఒక బధిర యువకుడు, అందరూ మాస్కులు వేసుకోవడంతో పెదవుల కదలిక కనిపించక, కొనేవారి మాట పట్టుకోలేక పని పోగొట్టుకున్నాడు. అతని పనితనం ఏమాత్రం తగ్గలేదు, ఎదుటివాళ్ల నోరు కనబడలేదు, అంతే. ప్యాసింజరు రైళ్లలో దువ్వెనలు, తాళంచెవుల గొలుసులు అమ్ముకునే ఒక అంధుడికి రైళ్లే ఆగిపోయాయి, తర్వాత బస్సులు తిరిగినా చేయి పట్టుకుని ఎక్కించడానికి జనం జంకారు. మహమ్మారి అందరి మీదా పడిందంటారు కానీ, అంగవైకల్యం ఉన్నవారి విషయంలో అది ఇతరుల కంటికి ఆనని చోట్ల, అంటే బస్సు మెట్టు దగ్గర, మరొకరి భుజం మీద వేసే చేతి దగ్గర, ఎదుటి మనిషి పెదవుల దగ్గర దెబ్బ కొట్టింది. దానికి ముందైనా పరిస్థితి గొప్పగా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉంటే, వారిలో ఏదో ఒక పని చేస్తున్నవారు మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ మూడో వంతులో మీరు ఒకరు. ఏడేళ్లు నిలబెట్టుకున్న చోటు అది. మీ బాధ అతిగా అనిపిస్తోందేమోనని ఉత్తరంలో రెండుచోట్ల క్షమాపణ చెప్పారు, అక్కర్లేదు.

ఇక ఆ రాజీనామా కాగితం సంగతి. చదివి సంతకం చేశాను కాబట్టి అంతా అయిపోయిందని మీరు అనుకుంటున్నారు. అంత తేలిగ్గా అయిపోదు, అలాగని తేలిగ్గా గెలవగలిగినదీ కాదు. గుమాస్తా పని చేసేవారు కూడా పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులే. ఉద్యోగం నుంచి తొలగించారని భావించిన కార్మికుడు ఆ చట్టంలోని 2ఏ సెక్షన్ ప్రకారం కార్మిక శాఖ రాజీ అధికారి వద్దకు, అక్కడ 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. దానికి గడువు మూడేళ్లు, అంటే మీకు 2023 ఆగస్టు వరకు సమయం ఉంది. అది తొలగింపు అని తేలితే, నోటీసు, పరిహారం ఇవ్వనందుకు సంస్థ సమాధానం చెప్పాలి. మళ్లీ మనుషులను తీసుకునేటప్పుడు, ఖర్చు తగ్గించుకోవడానికి తీసేసిన పాతవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 25హెచ్ సెక్షన్ చెబుతుంది. మీ కుర్చీలో జనవరిలో కూర్చున్న యువకుడి విషయం అక్కడ బలంగా పనికొస్తుంది. కానీ వీటన్నింటికీ ముందు ఒక గడప ఉంది. అది రాజీనామా కాదు, మళ్లీ పిలుస్తామన్న మాట నమ్మించి రాయించుకున్నదని నిరూపించాల్సింది మీరే. మేనేజరు పంపిన వాట్సాప్ సందేశాలు, జూన్, జులై జీతాలు పడని బ్యాంకు ఖాతా వివరాలు, ఆ కాగితంతో వచ్చిన మనిషి, ఆ రోజు ఇంట్లో ఉన్నవారు, ఇవే మీ సాక్ష్యం. ఫోన్ పాతదై మూలపడకముందే ఆ సందేశాలను భద్రపరచుకోండి. కేసు వేస్తే ఏళ్లు పట్టవచ్చు. సాక్ష్యం చెప్పాల్సిన తోటి ఉద్యోగిని ఇంకా అక్కడే పనిచేస్తోందన్న సంగతి కూడా మరువకండి. ఆమె ఇబ్బందిని లెక్కలోకి తీసుకోకుండా మీ స్నేహితురాలు ఈ సలహా ఇచ్చి ఉంటారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గురించి కూడా అడిగారు. వైకల్యం కారణంగా ఉద్యోగిని తీసేయకూడదని చట్టంలో ఉంది కదా అన్నారు. ఆ మాట ఉన్న 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. ప్రైవేటు సంస్థ విషయంలో మీకు పనికొచ్చేది 3వ సెక్షన్. సరైన కారణం లేకుండా వైకల్యాన్ని బట్టి వివక్ష చూపరాదని, అవసరమైన సర్దుబాట్లు కల్పించాలని అది చెబుతుంది. ఆ సర్దుబాటు నిరాకరించడం కూడా ఈ చట్టం దృష్టిలో వివక్షే. మీ విషయంలో సర్దుబాటు అంటే ఎంత? బస్సులో ముందు సీటు, లేదా కొన్నాళ్లు ఇంటి నుంచే టాలీ ఎంట్రీలు చేయనివ్వడం. దీన్ని ఎవరూ ఆలోచించనైనా లేదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఒకటి ఉండాలి, దాని ప్రతిని మీరు అడగవచ్చు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయడానికి వకీలు అక్కర్లేదు, ఖర్చూ లేదు. అయితే కమిషనర్ ఇచ్చేది ప్రధానంగా సిఫారసు, కోర్టు తీర్పు లాంటిది కాదు. సంస్థను మాటలకు కూర్చోబెట్టడానికి అది ఉపయోగపడుతుంది, కుర్చీ మీద తిరిగి కూర్చోబెడుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

లాక్‌డౌన్‌లో తగ్గించిన జీతం గురించి క్లుప్తంగా చెబుతాను. పూర్తి జీతం ఇవ్వాలని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వును మే నెలలో ఉపసంహరించారు. జూన్‌లో సుప్రీంకోర్టు యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలంది. ఆ సగం జీతాల కోసం మీ శక్తి ఖర్చుపెట్టడం నాకు లాభసాటిగా కనిపించడం లేదు.

లాభసాటిగా కనిపిస్తున్నది, మీరు ఏడు పేజీల్లో ఎక్కడా ప్రస్తావించనిది, గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానినప్పుడు యజమాని ఒకేసారి చెల్లించాల్సిన మొత్తం. అయిదేళ్లు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగింపుకు గురైనా గ్రాట్యుటీకి అర్హుడే. మీరు ఏడేళ్లు దాటి పనిచేశారు. మూలవేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 8,000 మూలవేతనం మీద ఏడేళ్లకు 32,000 రూపాయలకు పైగా వస్తుంది. ఉద్యోగం మానిన 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. దీనికి మీరు రాజీనామా కాగితంతో పోట్లాడనక్కర్లేదు, అది నిజమని ఒప్పుకున్నా ఈ డబ్బు మీదే. ముందు సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి, ఆలస్యానికి కారణంగా మహమ్మారి పరిస్థితులను పేర్కొనండి. స్పందించకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ వ్యవహారాలు చూసే అధికారికి దరఖాస్తు చేయవచ్చు. ఏజెన్సీ వాళ్లు "పాత బాకీలేమీ లేవు" అని ఎందుకు రాయించుకోవాలనుకుంటున్నారో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

ఈఎస్‌ఐ విషయంలో ఒక చిక్కు ఉంది. ఉద్యోగం పోయిన బీమాదారులకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజువారీ వేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు సాయం ఇస్తారు. 2020 మార్చి 24 నుంచే పావు వంతును సగానికి పెంచారు. మీ జీతానికి అది సుమారు 17,000 అవుతుంది, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. కానీ స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి ఇది వర్తించదు. చూశారా, "వ్యక్తిగత ఆరోగ్య కారణాల వల్ల" అన్న నాలుగు ముక్కల ఖరీదు ఎంతో! పీఎఫ్ ఖాతాలో మీరు ఉద్యోగం మానిన కారణం ఏమని నమోదు చేశారో ఆన్‌లైన్‌లో చూడండి. ఈఎస్‌ఐ శాఖా కార్యాలయానికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి అడగండి. కాదంటే ఒక ప్రయాణం వృథా అవుతుంది, అవునంటే ఏడాది ఇంటి మందులకు ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు ఏజెన్సీ ఉద్యోగం. మీ లెక్కలు మీరే వేసుకునే మనిషి కాబట్టి ఇది గమనించే ఉంటారు. వాళ్లిస్తామన్న 8,500కు మీ పింఛను 3,000 కలిపితే సరిగ్గా 11,500, అంటే మీ పాత జీతం. సంస్థ తగ్గించిన 3,000 ప్రభుత్వం మీ పింఛను రూపంలో పూడుస్తోంది, మీ పని మాత్రం పూర్తిగా సంస్థకే అందుతుంది. ఇది నాకు సమ్మతం కాదు. అయినా చేరకూడదని చెప్పను. ఏడాదిగా వదినను అడిగి ఫోన్ రీఛార్జి చేయించుకుంటున్నానని రాశారు, ఆ స్థితిలో ఉన్నవారికి 8,500 చిన్న మొత్తం కాదు. చేరేముందు అడగడానికి మీ చేతిలో ఏమేం ఉన్నాయో చెబుతాను.

ఏజెన్సీ ద్వారా తీసుకుంటే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవన్నది వాస్తవం కాదు. ఈ చట్టాల కిందికి వచ్చే సంస్థలో కాంట్రాక్టు కార్మికుల వాటా కూడా అసలు యజమాని బాధ్యతే. పైగా ఈ 2021లో ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన నడుస్తోంది. 2020 మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 మధ్య ఉద్యోగం పోగొట్టుకుని, 15,000 లోపు జీతంతో తిరిగి చేరేవారికి, సంస్థ తన సిబ్బంది సంఖ్యను 2020 సెప్టెంబరు నాటికన్నా పెంచినట్లయితే, రెండేళ్లపాటు పీఎఫ్ కేంద్రమే కడుతుంది. వెయ్యి మంది లోపు ఉన్న సంస్థలకైతే ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ కడుతుంది. నమోదుకు 2022 మార్చి 31 వరకు గడువుంది. మీరు మానింది ఆగస్టులో, ఆ పథకం మీకోసమే రాసినట్టుంది. దివ్యాంగ ఉద్యోగుల ఈఎస్‌ఐలో యజమాని వాటాను కేంద్రం తిరిగి చెల్లించే ఏర్పాటు కూడా ఉంది. ఈ సంగతులు చాలా సంస్థల మేనేజర్లకు తెలియవు. మీరు దయ అడగడం లేదు, వారికి ఖర్చు లేని పద్ధతి చూపిస్తున్నారు.

పీఎఫ్ మీద నేనింత పట్టుబట్టడానికి మరో కారణం ఉంది. ఉద్యోగుల పింఛను పథకంలో 58వ ఏట పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. మీకు ఏడు నిండాయి. పీఎఫ్ నుంచి కరోనా అడ్వాన్సు మాత్రమే తీసుకున్నానని, ఖాతా మూయలేదని రాశారు, చాలా మంచి పని చేశారు. ఇంకో మూడేళ్లు పీఎఫ్ ఉన్న ఏ ఉద్యోగం చేసినా ఆ అర్హత వస్తుంది. పీఎఫ్ లేకుండా పదేళ్లు చేసినా రాదు.

ఆ హామీపత్రం గురించి. ఉద్యోగ ప్రమాదానికి పరిహారం వదులుకుంటున్నానని ఉద్యోగి రాసిచ్చినా అది చెల్లదని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే చెబుతోంది. కాబట్టి ఆ భాగం మిమ్మల్ని భయపెట్టనక్కర్లేదు, కానీ "పాత బాకీలు లేవు" అన్న భాగం మీద మాత్రం గ్రాట్యుటీ చేతికి అందేవరకు సంతకం పెట్టకండి. వాళ్ల ఆరోగ్య భయం నిజమైనదైతే దానికి వేరే మందు ఉంది. కాలి పోలియో ఊపిరితిత్తుల జబ్బు కాదు. ప్రభుత్వాసుపత్రి వైద్యుడి చేత పరీక్ష చేయించుకుని ఫిట్‌నెస్ పత్రం తెచ్చి ఇవ్వండి. టీకా ఒక డోసు వేయించుకున్నారు, రెండోది కూడా పూర్తి చేయించుకోండి. ఆ పత్రం చూపిన తర్వాత కూడా రాసిమ్మంటే, వాళ్ల భయం జబ్బు గురించి కాదని మీకే తేలిపోతుంది.

పింఛను పోతుందన్న అన్నయ్య మాట పూర్తిగా నిజం కాదు. 2021 నాటి నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 మించకూడదు. మీ బియ్యం కార్డులో మీరు, మీ అమ్మగారు ఇద్దరే ఉన్నారని రాశారు. 8,500 ఆ పరిమితిలోపే ఉంది. పాత జీతం 11,500 తిరిగి ఇస్తామంటే మాత్రం మీ గ్రామంలో పరిమితి దాటుతుంది, అప్పుడు పింఛను వదులుకోవలసి రావచ్చు. చేరేముందు గ్రామ సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడిని కలిసి మీ కార్డు వివరాలతో ఈ విషయం ఖరారు చేసుకోండి. పింఛను ఆగితే మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలోనన్న భయం మీ అన్నయ్యకు ఉండటం సహజం. సదరం శిబిరానికి స్లాట్ దొరకడానికి మీరు పడ్డ అవస్థ ఆయన కళ్లారా చూశారు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆ భయాన్ని తక్కువ చేయకండి. కానీ నాదో మాట ఆయనకు చెప్పండి. ఇంట్లో ఎవరూ మిమ్మల్ని బరువుగా చూడకపోవడం ఆయన మంచితనం, బరువు కాకుండా ఉండాలనుకోవడం మీ కోరిక. ఆయన మంచితనం మీ కోరికకు అడ్డు కాకూడదు.

జిరాక్స్ దుకాణం ఆలోచనను నేను కొట్టిపారేయను, కానీ మేనమామగారి ఉత్సాహంలో పాలుపంచుకోలేను. బడులు ఆగస్టు 16న తెరుచుకున్నాయి, కరోనా మూడో విడత వస్తుందంటున్నారు. బడి మూతపడిన మరునాడు ఆ దుకాణానికి గిరాకీ ఉండదు, అప్పు వాయిదా మాత్రం ఉంటుంది. పైగా మిషను దగ్గర రోజంతా నిలబడే పని అది, క్యాలిపర్‌తో ఎంతసేపు నిలబడగలరో మీకే తెలుసు. పెట్టాలనే అనుకుంటే చేబదులు వద్దు. దివ్యాంగులకు తక్కువ వడ్డీకి రుణాలిచ్చే జాతీయ ఆర్థిక సంస్థ ఉంది, నెల్లూరులోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో వివరాలు అడగండి.

దాని బదులు మీ చేతిలో ఉన్న పనినే ఇంటి నుంచి చేసే వీలుంది. మీ ఊరి చుట్టుపక్కల రొయ్యల మేత, మందుల దుకాణాలు, ధాన్యం వ్యాపారులు, సిమెంటు డీలర్లు జీఎస్టీ రిటర్నుల కోసం నెలనెలా కావలికో నెల్లూరుకో పరుగెత్తుతుంటారు. నాలుగైదు దుకాణాల లెక్కలు నెలకింత అని ఒప్పుకుంటే చాలు. ఆదాయం పెరగడానికి ఏడాది పట్టవచ్చు, మొదట్లో ఇద్దరు ముగ్గురు డబ్బు ఆలస్యం చేస్తారు, పీఎఫ్ ఉండదు. అయినా మరో లాక్‌డౌన్ వచ్చినా ఆగని పని ఇది, బస్సు జాబితాలో మీ పేరు ఉందా లేదా అని ఎవరినీ అడగనక్కర్లేదు. దీన్ని ఉద్యోగంతో పాటు సాయంత్రాలు కూడా మొదలుపెట్టవచ్చు.

ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్, వయసులో పదేళ్ల సడలింపు ఉన్నాయి కాబట్టి మీకు తలుపు మూసుకోలేదు. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ మిగతావన్నీ ఆపుకోవడం మాత్రం మంచిది కాదు.

నా మొగ్గు ఎటో దాచుకోను. నేనైతే ముందు గ్రాట్యుటీ దరఖాస్తు పంపుతాను. ఆ తర్వాత ఏజెన్సీతో కాకుండా నేరుగా సంస్థ హెచ్‌ఆర్‌ను కలిసి, పాత జీతానికి, పీఎఫ్, ఈఎస్‌ఐతో, బస్సులో ముందు సీటుతో తిరిగి తీసుకోమని రాతపూర్వకంగా అడుగుతాను. ఒప్పుకోకపోతే కార్మిక శాఖకు వెళ్లాలా, ఏజెన్సీ షరతుల్లో కొన్ని మార్పించుకుని చేరాలా అన్నది అప్పుడు తేలుతుంది. గ్రాట్యుటీ అడిగితే చిరాకుపడి ఆ 8,500 అవకాశం కూడా వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం మోయగలరా లేదా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోవాలి, ముందు ఉద్యోగంలో చేరి ఆ తర్వాత గ్రాట్యుటీ అడిగినా హక్కు పోదు, ఆ సంతకం ఒక్కటి పెట్టకపోతే చాలు.

ఇంకో విషయం. అందరూ మీరేం చేయాలో చెప్పారు, మీకేం కావాలో ఉత్తరంలో ఒక్కచోటే బయటపడింది. "నెలాఖరున కంటైనర్ల కాగితాలన్నీ నా చేతి మీదుగా వెళ్తుంటే, గేటు దగ్గర లారీ కదిలే శబ్దం వింటూ టీ తాగేదాన్ని" అని నాలుగో పేజీలో రాశారు. ఆ పని మీకు ఇష్టం. అన్నయ్యతో, మేనమామతో, హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ముందు ఆ మాట చెప్పండి, జీతం లెక్కలు తర్వాత.

క్యాలిపర్ పట్టీ లాక్‌డౌన్‌లో తెగిందని, అప్పటి నుంచి గుడ్డతో కట్టుకుంటున్నానని రాశారు. ఏ దారి ఎంచుకున్నా ఈ నెలలోనే నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజినల్ సెంటర్‌కు వెళ్లి చూపించండి. ఉపాధి గురించి కూడా అక్కడే అడగవచ్చు. సదరం పత్రం, ఆధార్ నకళ్లతో పాటు ఆ తెగిన పాత క్యాలిపర్‌ను కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి, కొత్తదానికి కొలతలు తీసేవారికి అది కావాలి.